పంపు అంటె గంత భయమెందుకు?

చలికాలం మొదలైందంటె మా మెడికల్ షాపుల దగ్గు సీసాలు మస్తు పోతయి. పిల్లల డాక్టర్ చిట్టీ మీద రెండు పంపులు, ఒక స్పేసర్ రాస్తడు. తల్లిదండ్రులు ఆ చిట్టీ నా చేతిల పెట్టి, "అన్నా, పంపు వద్దు గని, దాని బదులు మంచి సీసా ఉంటె ఇయ్యి" అంటరు. ఎందుకు వద్దమ్మ అంటె అందరిది ఒక్కటే మాట: "పంపు పెడితె అలవాటైతదట."

ఆడపిల్ల అయితె ఇంకో భయం సుత ఉంటది. "బడిల ఎవరన్న చూస్తె ఎట్ల? రేపు సంబంధాలొచ్చినప్పుడు దమ్మున్న పిల్ల అంటరు" అని పంపును బీరువాల దాస్తరు. దమ్ము మాత్రం దాగదు. రాత్రి రెండు గంటలకు పిల్ల ఎగపోసుకుంట లేచి కూసుంటది, గొంతుల పిల్లికూతలు పక్కింటిదాంక ఇనొస్తయి.

ఈ భయంల నిజమెంతుందో, వట్టిదెంతుందో చెప్పాలని రాస్తున్న. నేను డాక్టర్‌ను కాదు. ఫార్మసీ చదివినోన్ని, రోజూ మందుల డబ్బాల మీది అక్షరాలు చదివేటోన్ని.

ముందుగాల దమ్ము అంటె ఏందో చూద్దాం. మన ఊపిరితిత్తులల్లకు గాలి పోయే గొట్టాలు చెట్టు కొమ్మల లెక్క చీలుకుంట సన్నగ అయితయి. ఆస్తమా ఉన్న పిల్లలకు ఆ గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచే ఉంటది. దుమ్మో, కట్టెల పొయ్యి పొగో, సర్దో తాకంగనే గొట్టం చుట్టున్న కండ బిగుసుకపోతది, లోపల తెమడ పేరుకుంటది. గాలి పోయే తొవ్వ ఇరుకైతది. పిల్లికూత ఆ ఇరుకుల నుంచి వచ్చే సప్పుడే.

అందుకే పంపులు రెండు రకాలు. ఒకటి బిగుసుకున్న కండను అప్పటికప్పుడు వదులు చేస్తది, అది సాల్‌బుటమాల్. రెండోది లోపలి వాపును రోజింత తగ్గిస్తది. బ్యుడెసొనైడ్ లాంటి స్టిరాయిడ్ మందు దాంట్ల ఉంటది. జనం మొదటిదాన్ని ఎట్లనో ఒప్పుకుంటరు గని, రెండోదాన్ని పది రోజులు వాడి పక్కకు పెడతరు. నెలకో రెండు నెలలకో దమ్ము మల్ల వస్తది. "చూసినవా, అలవాటైంది" అంటరు. ఇల్లు ఊడ్చుడు ఆపితె దుమ్ము మల్ల పడ్తది. అంతమాత్రాన ఇల్లు చీపురుకు అలవాటు పడ్డట్టా? మందు ఆగినంక వాపు తిరిగొచ్చింది, అంతే.

ఇగ సీసా సంగతి. సాల్‌బుటమాల్ సిరప్ సీసా మీద చూడుండ్రి, 5 మిల్లీలీటర్లల్ల 2 మిల్లీగ్రాములు అని ఉంటది. అంటె 2,000 మైక్రోగ్రాములు. అదే మందు పంపు మీద, ఒక్క నొక్కుడుకు 100 మైక్రోగ్రాములు అని ఉంటది. ఒక్క చెంచా సీసా మందు 20 నొక్కుళ్లతోని సమానం! పైగా సీసా మందు కడుపులకు పోయి, రక్తంల కలిసి, ఒళ్లంత తిరిగి, ఆఖరుకు ఊపిరితిత్తులకు చేరాలె. అందుకే సిరప్ తాగిన పిల్లలకు చేతులు వణుకుతయి, గుండె దడదడ కొట్టుకుంటది. పంపు మందు సీదా కావాల్సిన తావుకే పోతది. "పంపు స్ట్రాంగు, సీసా మెల్లగ" అనేది పూర్తిగ ఉల్టా మాట.

స్టిరాయిడ్ అంటె భయం మాత్రం ఉత్తది కాదు. దాని మీద గట్టి పరిశోధన జరిగింది. అమెరికా, కెనడాలల్ల ఆస్తమా ఉన్న 5 నుంచి 12 ఏండ్ల పిల్లలు 1,041 మందిని తీసుకొని నాలుగు నుంచి ఆరేండ్లు చూసిండ్రు. దాని పేరు క్యాంప్. కొందరికి బ్యుడెసొనైడ్ పంపు, కొందరికి నెడొక్రోమిల్ అనే ఇంకో మందు, మిగిలినోళ్లకు మందు లేని ఉత్త పంపు ఇచ్చిండ్రు. 2000ల ఫలితాలు అచ్చయినయి. ఉత్త పంపు వాడినోళ్లతోని పోలిస్తె బ్యుడెసొనైడ్ పిల్లలు దవాఖానల చేరుడు 43 శాతం, అర్జెంటుగ డాక్టర్ కాడికి ఉరుకుడు 45 శాతం తగ్గినయి.

నష్టం? అదీ లెక్క తీసిండ్రు. ఆ పిల్లలు పెద్దయినంక మల్ల ఎత్తు కొలిచి 2012ల చెప్పిండ్రు. బ్యుడెసొనైడ్ వాడినోళ్లు సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టి. అర ఇంచు కూడ కాదు. అది మొదటి రెండేండ్లల్ల పడ్డ తేడానే, ఏటేటా పెరుగుకుంట పోలేదు. ఇంకో సంగతి సుత దాచద్దు. ట్రయల్ అయిపోయేసరికి ఊపిరితిత్తుల బలంల రెండు గుంపులకు పెద్ద తేడా లేదు. అంటె ఈ పంపు దమ్మును అదుపుల పెడ్తది, ఏర్లతోని పెరికెయ్యదు. ఒక దిక్కు అర ఇంచు, ఇంకో దిక్కు దవాఖాన మంచం. నా మటుకు నాకు ఏది ముఖ్యమో తెలుస్తనే ఉన్నది.

నాకు కోపమొచ్చేది ఎక్కడంటె, పంపుల స్టిరాయిడ్ ఉన్నదని వద్దన్నోళ్లే దమ్ము లేచినప్పుడల్ల పొట్లంల కట్టిచ్చిన చిన్న గోలీలు మింగిపిస్తరు. వాటిల చానా మటుకు స్టిరాయిడ్లే! పొట్లం మీద పేరుండదు, ఎన్నిరోజులో రాసుండదు. మందులు వేరువేరు కాబట్టి అంకెకు అంకె పోల్చద్దు గని, గోలీ ఒళ్లంత తిరుగుతది. దమ్ము బాగ ముదిరినప్పుడు డాక్టర్ చూసి మూడు నాలుగు రోజులు ఇస్తె అది వేరే సంగతి.

ప్రపంచంల ఆస్తమా ఉన్నోళ్లల్ల సుమారు 13 శాతం మంది మన దేశంల ఉంటె, ఆస్తమా చావులల్ల మాత్రం 40 శాతం మీదనే ఇక్కడ అయితయని అంచనా. వాపు తగ్గించే పంపును మనం దూరం పెట్టుడు అందుకు ఒక కారణం.

పైసల సంగతి సుత మాట్లాడాలె. పంపు కొన్నోళ్లు కూడ స్పేసర్ దగ్గర ఆగుతరు. "ఈ ప్లాస్టిక్ డబ్బాకు గన్ని పైసలా?" అంటరు. స్పేసర్ లేకుంటె పిల్లగాడు నొక్కుడు, పీల్చుడు ఒక్కతాపల చెయ్యలేడు. మందంత నాలుక మీద, గొంతుల పడ్తది. దక్షిణాఫ్రికాల హెదర్ జార్ అనే పిల్లల డాక్టర్, ఆమె తోటోళ్లు దీన్ని పరీక్షించి 1999ల లాన్సెట్ పత్రికల అచ్చేసిండ్రు. దమ్ము లేచి వచ్చిన 5 నుంచి 13 ఏండ్ల పిల్లలు 88 మందికి కంపెనీ స్పేసర్, 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ బాటిల్, థర్మాకోల్ లాంటి కప్పు ఇచ్చి చూసిండ్రు. సందు లేకుండ గమ్ముతోని మూసిన బాటిల్ కంపెనీ స్పేసర్‌తోని సమానంగ పనిచేసింది. కప్పు అందరికంటె వెనుకబడ్డది.

చేసే తీరు ఇది. ఖాళీ బాటిల్‌ను సబ్బునీళ్లతోని కడిగి, గుడ్డతోని తుడువకుండ ఆరబెట్టాలె. తుడిస్తె ప్లాస్టిక్‌ల కరెంటు లాంటి గుంజుడు పుట్టి మందు గోడలకు అతుక్కుంటది. అడుగున పంపు మూతి సరిగ్గ పట్టేటంత రంధ్రం కాలిన తీగతోని చేసి, ముక్కలేమన్న ఉంటె దులిపి, పంపు పెట్టి సుట్టూత గమ్ము పెట్టాలె. ఆరినంక బాటిల్ మూతి పిల్లగాని నోట్ల. ఒక్కసారి నొక్కుడు, నిమ్మలంగ నాలుగైదు సార్లు ఊపిరి పీల్చి ఇడుసుడు. రెండో నొక్కుడు అటెన్కనే. ఐదేండ్ల లోపు పిల్లలకు మాత్రం మాస్కున్న స్పేసరే కావాలె. స్టిరాయిడ్ పంపు అయితె అయిపోంగనే నోరు పుక్కిలించి ఉమ్మిపియ్యాలె, లేకుంటె నోట్ల తెల్లపూత వస్తది.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండుకు చేపమందు కోసం పోయేటోళ్లతోని నాకు కొట్లాట లేదు. పోయేటప్పుడు పంపును మాత్రం సంచిల పెట్టుకోని పోండ్రి. లైన్ల నిలవడ్డప్పుడే దమ్ము లేవచ్చు.

పిల్ల రెండు మాటలు కలిపి మాట్లాడలేకపోయినా, పక్కలు లోపలికి గుంజుకపోతున్నా, పెదవులు నీలంగ మారినా పొద్దు చూసుకోవద్దు. పంపు కొట్టుకుంటనే 108కి ఫోన్ చెయ్యాలె.