తాతగారి పతకాలు అమ్మే ముందు



మన కర్నూలు, కడప జిల్లాల్లోని పాత ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున ఏముంటుందో మీకు తెలియనిది కాదు. జేజి పట్టుచీర, పొలం కాగితాలు, వాటి మధ్య గుడ్డలో చుట్టిన రెండు మూడు సైనిక పతకాలు. కొన్ని ఇళ్ళలో ఒక పాత కత్తి కూడా ఉంటుంది. దసరా రోజున బయటికి తీసి బొట్టు పెట్టడమే తప్ప వాటి జోలికి ఎవరూ పోరు. అయితే బిడ్డకు పెద్ద జబ్బు చేసి, ఒంటిమీది బంగారం కుదువకు పోయాక, ఇల్లాలి కళ్ళు ఆ పెట్టె మీద పడతాయి. “ఇవి అమ్మితే ఏమైనా వస్తుందా?” అని. ఈ ప్రశ్నకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

ముందే ఒక మాట అనుకుందాం. పసిబిడ్డ ప్రాణం కోసం తాత పతకం అమ్మడం పాపమేమీ కాదు. వానలు నమ్ముకోలేని ఈ సీమలో సైన్యం జీతం ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టింది. ఇంటివాళ్ళ కోసం అంత దూరం పోయిన మనిషి, మునిమనవడి కోసం తన పతకం పోయిందంటే బాధపడతాడా? కాబట్టి అమ్మడంలో తప్పు లేదు. తెలియక అమ్మడంలోనే నష్టం ఉంది.

ఈ వస్తువులు మన ఇళ్ళకు ఎట్లా వచ్చాయంటారా? 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించినప్పుడు ఇక్కడ పాళెగాళ్ళ కాలం. కర్నూలు నవాబు కోటలో రహస్యంగా ఆయుధాలు కూడబెట్టాడని 1839లో కంపెనీవాళ్ళు కోటనే పట్టుకున్నారు. పాత కత్తులు, బాకులు ఆ నాటివి కావచ్చు. పతకాలు మాత్రం చాలావరకు రెండు ప్రపంచ యుద్ధాలవి. మొదటి యుద్ధంలో (1914–18) పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం దాటి పోయారు. మద్రాసు శాపర్స్ దళాలు మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, పనిచేశాయి. రెండో యుద్ధంలో బర్మా దాకా పోయాయి. ఇంకా దగ్గరి కాలానివి 1965, 1971 యుద్ధాల పతకాలు.

ఇప్పుడు పతకాన్ని చేతిలోకి తీసుకోండి. గుండ్రంగా ఉండి, ఒక వైపు అయిదో జార్జి తల, రెండో వైపు గుర్రం మీద మనిషి ఉంటే అది మొదటి యుద్ధం నాటి ‘బ్రిటిష్ వార్ మెడల్’. మామూలుగా వెండిదే. రమారమి 30 గ్రాములు తూగుతుంది. రెక్కల దేవత బొమ్మ, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బను ఉంటే ‘విక్టరీ మెడల్’. అది కంచు. ఆరు కోణాల నక్షత్రమైతే రెండో యుద్ధానిది. ‘బర్మా స్టార్’ అలాంటిదే. అది రాగి, జింకు కలిసిన లోహం. తూకానికి వేస్తే పాత ఇత్తడి చెంబుకు వచ్చినంత కూడా రాదు.

మరి విలువ ఎక్కడుంది? అంచులో ఉంది. భూతద్దం పెట్టి చూడండి. మొదటి యుద్ధం పతకాల అంచు చుట్టూ సన్నటి అక్షరాలతో సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం పేరు ఉంటాయి. సేకరించేవాళ్ళు కొనేది ఆ పేరునే. పేరు ఉన్న పతకం ఒక మనిషి చరిత్ర. అది అరిగిపోతే మిగిలేది లోహం ముక్క. అందుకే చింతపండు పెట్టి తోమకండి, బూడిదతో రుద్దకండి. మన చేతులకు ఇత్తడి సామాను తోమే అలవాటు ఉంది కదా, అందుకని నొక్కి చెబుతున్నాను. రిబ్బను చిరిగినా అట్లాగే ఉండనివ్వండి. ఒక మనిషి పతకాలన్నీ కలిపి ఉంచండి. విడగొడితే జత చెడిన గాజుల్లా అవుతాయి.

తూకానికి అమ్మితే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 1980 జనవరిలో వెండి ధర ఆకాశానికి అంటినప్పుడు ఇంగ్లండులోనే లెక్కలేనన్ని ‘బ్రిటిష్ వార్ మెడల్స్’ను కరిగించేశారు. రెండు నెలలు తిరిగేసరికి వెండి ధర పడిపోయింది. కరిగిన పేర్లు మాత్రం తిరిగి రాలేదు. కాబట్టి ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు పతకాలు పట్టుకుపోయి తక్కెట్లో వేయించకండి. షరాబును తప్పుపట్టే పని లేదు. ఆయనకు తెలిసింది లోహం, ఇవ్వగలిగింది లోహం ధర.

అయితే ఆశలు కూడా మరీ పెంచుకోకూడదు. మామూలు సిపాయికి అందరితో పాటు ఇచ్చిన పతకాలకు పెద్ద ధర పలకదు. సాహసానికి ఇచ్చినవైతే మాట వేరు. పైగా వేలంవాళ్ళు పతకం తీసుకుని, జాబితాలో వేసి, అమ్మి, తమ కమీషను పట్టుకుని డబ్బు పంపేసరికి నెలలు గడుస్తాయి. ఆసుపత్రివాళ్ళు సాయంత్రానికే కట్టమంటారు. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెత ఇట్లాంటి చోటే గుర్తుకొస్తుంది. అవసరం ముఖంలో కనబడితే కొనేవాడు సగం ధరకే అడుగుతాడు.

అందుకే నా సలహా ఏమిటంటే, అమ్మకం చివరి మెట్టు కావాలి. మొదటి మెట్టు ఆసుపత్రి. బియ్యం కార్డు ఉన్నవాళ్ళు ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద చికిత్స వస్తుందేమో కనుక్కోండి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకమే ఇది. ఆ జాబితాలోని ఆసుపత్రుల్లో ‘ఆరోగ్యమిత్ర’ అని ఒకరు కూర్చుంటారు, వాళ్ళనే నేరుగా అడగండి. బిడ్డ గుండెలో రంధ్రం ఉందన్నారా? పుట్టపర్తిలో 1991 నుంచి సత్యసాయి ఆసుపత్రి ఉంది. తిరుపతిలో దేవస్థానం వారు 2021లో పద్మావతి పేరుతో పిల్లల గుండె ఆసుపత్రి తెరిచారు. ముఖ్యమంత్రి సహాయ నిధి కూడా ఉంది. వీటిలో ఏది తగినా, తాత పతకం పెట్టెలోనే ఉంటుంది.

రెండో మెట్టు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. పెట్టెలో పతకాల కింద ఒక పాత డిశ్చార్జి పుస్తకం ఉందేమో వెతకండి. చాలాసార్లు పతకం కంటే ఆ కాగితానికే బలం ఎక్కువ. బిడ్డ తండ్రే పింఛను తీసుకునే మాజీ సైనికుడైతే, 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం కింద ఆయన భార్యకూ, ఆయన మీద ఆధారపడ్డ పిల్లలకూ వైద్యం అందుతుంది. తాతను బట్టి మనవడికి ఆ హక్కు రాదు. అయినా ఆ కార్యాలయంలో సంక్షేమ నిధుల సంగతి అడిగి తెలుసుకోవచ్చు. ఇంట్లో ఉన్నది వీరచక్రం వంటి సాహస పురస్కారమైతే, దానికి నెలనెలా భత్యం ఉంటుంది. గ్రహీత పోయాక అది భార్యకు చెందుతుంది. జేజి దాన్ని తీసుకుంటున్నదో లేదో ముందు కనుక్కోండి.

ఇవన్నీ అయ్యాక కూడా అమ్మక తప్పకపోతే, చట్టం మాట కొంచెం వినాలి. తుపాకి ఏదైనా బయటపడితే దాన్ని అమ్మజూపకండి. తాత పేరున ఉన్న లైసెన్సు తాతతోనే పోయింది. దాన్ని పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ అప్పగించి, రసీదు తీసుకోవాలి. కత్తుల విషయంలో కూడా ముందు పోలీసులను అడగడం మేలు. ఇక నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను మనబోటివాళ్ళు విదేశాలకు పంపడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. మొదటి యుద్ధం పతకాలకు నూరేళ్ళు నిండాయి. లండను నుంచి ఎవరో ఎక్కువ ధర ఇస్తామన్నారని పార్సెలు కట్టకండి.

ఇంట్లో కూడా ఒక చట్టం ఉంది. తాత సొత్తు మీ ఆయన ఒక్కరిదే కాదు, అన్నదమ్ములకూ ఆడబడుచులకూ పాలు ఉంటుంది. అత్తగారు బతికి ఉంటే ఆమె మాట మొదట అడగండి. అందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించండి. కొనేవాడికి కూడా ఆ కాగితమే ధైర్యం. హిందూపురం దాటితే వచ్చే తొండేబావి దగ్గర 1945లో నాయక్ కిర్పారామ్ తోటి సిపాయిలను కాపాడబోయి చేతిబాంబు పేలి చనిపోయాడు. ఆయనకు ఇచ్చిన జార్జి క్రాస్ 2002లో ఆయన భార్య ఇంటి నుంచి దొంగల పాలయింది. 2009లో లండను వేలంలో తేలితే ఆ అమ్మకం ఆపేశారు. అందుకే పతకం మీ ఇంటిదేనని చూపే ఆధారం అడుగుతారు. తాత యూనిఫారంలో ఉన్న ఫోటో, డిశ్చార్జి పుస్తకం, ఒక పాత ఉత్తరం ఉన్నా చాలు.

ధర ఒక్కరినే అడగకండి. ముంబై, బెంగళూరుల్లో నాణేలూ పతకాలూ వేలం వేసే సంస్థలకు రెండు వైపులా, అంచూ ఫోటోలు తీసి పంపండి. ఇద్దరు ముగ్గురు ఏం చెబుతారో చూడండి. అసలు వస్తువును రసీదు లేకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి. డిశ్చార్జి పుస్తకం నకలు ఇస్తే చాలు, అసలు మీ దగ్గరే ఉంచుకోండి.

అమ్మే ముందు ఇంకొక్క పని చేయండి. అంచు మీది నంబరు, పేరు, పటాలం ఒక నోటుపుస్తకంలో రాసి, పతకాల ఫోటో అంటించండి. తాత ఏ ఊరి నుంచి పోయాడు, ఎప్పుడు తిరిగొచ్చాడు, జేజికి తెలిసినంత అడిగి రాయించండి. ఆ పుస్తకం బిడ్డ పేరున ఉంచండి. రేపు వాడు కోలుకుని బడికి పోతూ “మా ముత్తాత ఎవరు?” అని అడిగితే, చూపించడానికి అది ఇంట్లో ఉంటుంది.