వేట లేని రోజుల్లో ఏ చేప కొనాలి? బాలింతకు సొర పెట్టొచ్చా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మర పడవలు, మోటారు పడవలపై సముద్ర వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమిది. అందుకే ‘మత్స్యకార సేవలో’ పథకం కింద అర్హులకు రూ.20,000 భృతి.

మరి ఇంట్లో కూరకి? ఆ రెండు నెలలూ చెరువు బొచ్చె, శీలావతి కొనండి. వేట మొదలయ్యాక నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు మేలు. త్వరగా ఎదిగే చేపలివి. నెత్తళ్లను ముల్లుతో సహా తింటాం కనుక కాల్షియం కూడా అందుతుంది.

పాలు పడతాయని బాలింతకు సొరపిట్టు పెట్టడం మన దగ్గర అలవాటే. కానీ సొర ఇతర చేపల్ని తిని బతుకుతుంది. వాటిలోని పాదరసం దాని ఒంట్లో పేరుకుంటుంది. అది కడుపులోని బిడ్డకు, కొంత తల్లిపాల ద్వారా పసిబిడ్డకు చేరుతుంది. ఎదిగే మెదడుకు చేటు. పైగా సొరలు నెమ్మదిగా ఎదుగుతాయి, కొద్ది పిల్లల్నే కంటాయి. గర్భిణికైనా బాలింతకైనా నెత్తళ్ల పులుసు పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే ఆశా కార్యకర్తతో చెప్పించండి.