సంస్కారము మతమగు విధము



మన భాషలో సంస్కారమను మాటకు రెండర్థములు ప్రసిద్ధములు. సంఘమునందలి దోషములను దిద్దుట యొకటి. జాతకర్మ, వివాహము, అంత్యేష్టి మున్నగు కర్మలు రెండవది. మొదటి సంస్కారమునకు బూనినవారికి రెండవ సంస్కారములు వేఱుగా గావలసివచ్చిన నాడే క్రొత్త సంప్రదాయము పుట్టునని నా యభిప్రాయము. ఇందులకు వీరశైవమును దృష్టాంతముగా గైకొందును.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమందు కలచురి బిజ్జలుని కొలువున నధికారియైన బసవేశ్వరుడు, బ్రాహ్మణకులమున బుట్టియు, కులభేదమును త్రోసివేసెను. చాకలి మాచయ్య, పడవ నడపు చౌడయ్య, స్త్రీలలో అక్క మహాదేవి మున్నగువారు శివశరణులై కన్నడమున వచనములు చెప్పిరి. గుడిలో అడుగిడరానివానికి సైతము మెడలో ఇష్టలింగము లభించెను. పూజారితో బని లేకపోయెను.

ఇంతవఱకిది సంస్కారోద్యమమే. చిక్కు పెండ్లితో వచ్చినది. బ్రాహ్మణుడగు మధువరసుని కూతును చర్మకారుడగు హరళయ్య కొడుకున కిచ్చిరనియు, బిజ్జలుడు ఆ తండ్రుల నిద్దఱను ఘోరముగా జంపించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. 1167 ప్రాంతమున బిజ్జలుడును హతుడయ్యెను. శరణులు చెల్లాచెదరైరి.

ఇక నాలోచింపుడు. అట్టివారి యింట బిడ్డ పుట్టినచో నెవరు రావలెను? పీనుగును మోయువా రెవరు? పాత పురోహితుని కాదన్నవారికి మఱియొక గురువు కావలసెను. అందుచే శిశువునకు లింగధారణము, ఇంటికి జంగముడు, మృతునకు ఖననము ఏర్పడినవి.

నేను ఉపాధ్యాయుడనై యుండిన యొక గ్రామమున నా శిష్యుని తాత గతించెను. ఆయనను గుంతలో గూర్చుండబెట్టి, అరచేత లింగముంచి, విభూతితో మారేడుదళములతో గప్పిరి. స్మార్తకుటుంబీకుడ నగు నాకది వింతగా దోచెను. మూడవనాడే బాలుడు బడికి వచ్చెను. "మైల లేదటోయి?" యంటిని. "మాకు మైల లేదండీ" యనెను. వాని తాతలు వాదించి గెలిచిన విషయము వానికి ఇంటి యాచారము. ఆ "మాకు" అను మాటలోనే మతమున్నది.

పిదప గ్రంథములు వెలసెను. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున బసవడు నందీశ్వరుని యవతారము. విజయనగరమున ప్రౌఢదేవరాయల కాలమునాటికి మఠములు బలపడి, వచనములను కూర్చి వ్యాఖ్యానించుట సాగినది. లేకున్న నా వచనములు మనదాక వచ్చెడివి కావేమో! కాని దీనికి మూల్యము కలదు. కులము కాదన్నవారిలోనే జంగమత్వము పుట్టుకచే వచ్చుట, పెండ్లికి శాఖలు చూచుట తిరిగి ప్రవేశించినవి. ఇది నాకు కష్టము కలిగించును; మఠములను నిందింప మాత్రము నోరాడదు.

వంగదేశమునను పెండ్లియే చిక్కు తెచ్చినది. కేశవచంద్రసేనుని పక్షమువారైన బ్రహ్మసమాజికుల కోరికపై 1872లో వచ్చిన వివాహశాసనము క్రింద పెండ్లియాడువారు తాము హిందువులము కామని చెప్పవలసివచ్చెను.

లింగాయతమును వేఱు మతముగా గుర్తింపుడని 2018లో కర్ణాటక ప్రభుత్వము కేంద్రమునకు వ్రాసెను, కేంద్ర మంగీకరింపలేదు. హిందూమతములోని వారమే యనువారును, కామనువారును వారిలోనే కలరు. మన తెలుగునాట మల్లికార్జున పండితారాధ్యుని మార్గము ననుసరించు ఆరాధ్యులు ఇటు లింగమును వదలలేదు, అటు వేదమును వదలలేదు. మీ గ్రామమున వారి కుటుంబ మున్నచో చూచియే యుందురు: ఒకే ఱొమ్ముపై జందెమును, లింగపు కాయయు.