‘కండ్లు తిరుగుడు’: లోపలి చెవి - శరీర సమతుల్యత (చేవెళ్ల, మొయినాబాద్ నిత్యజీవిత ఉదాహరణలతో)

సంక్షిప్తి:
‘కళ్లు తిరగడం’ అనే మాటతో తెలుగువారు కనీసం మూడు వేర్వేరు శారీరక స్థితులను సూచిస్తారు. వాటిలో ఒకటి లోపలి చెవికి సంబంధించినది. ఆ భేదాన్ని గుర్తించకపోవడం వల్ల సులభసాధ్యమైన రుగ్మత సైతం దీర్ఘకాలం బాధించే అవకాశం ఉంది. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత జీవనంలోని ఉదాహరణల ఆధారంగా లోపలి చెవి పనితీరును వివరించి, ఈ భేదాన్ని స్పష్టం చేయడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: లోపలి చెవి, అర్ధవృత్తాకార కుల్యలు, సమతుల్యత, కళ్లు తిరగడం, ప్రదక్షిణ.

1. ప్రవేశిక:
రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో ‘కండ్లు తిరుగుతున్నయి’, ‘చక్కరొస్తున్నది’ అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. ఇల్లంతా గిర్రున తిరుగుతున్నట్లు తోచినా, కళ్ల ముందు చీకట్లు కమ్మి సొమ్మసిల్లబోయినా, నడకలో తూలిపోయినా ఈ మాటలే వాడతారు. శరీరధర్మశాస్త్రం దృష్టిలో ఇవి మూడు వేర్వేరు స్థితులు. మొదటిది ఎక్కువగా లోపలి చెవి నుండి పుడుతుంది. రెండవదానికి మెదడుకు రక్తప్రసరణ తగ్గడం ముఖ్యకారణం. మూడవదానికి నాడులు, కండరాలు, అనుమస్తిష్కం మొదలైనవాటి లోపాలు కారణం కావచ్చు.

2. లోపలి చెవి నిర్మాణం:
లోపలి చెవిలో వినికిడికి కర్ణావర్తనం, సమతుల్యతకు మూడు అర్ధవృత్తాకార కుల్యలు, వాటిని ఆనుకొని ఉన్న పేటిక తోడ్పడతాయి. మూడు కుల్యలూ ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉంటాయి కనుక తల ఏ దిశలో తిరిగినా కనీసం ఒక కుల్య స్పందిస్తుంది. కుల్యలలో అంతరలసిక అనే ద్రవం ఉంటుంది. తల తిరగగానే కుల్య గోడలు వెంటనే కదులుతాయి. ద్రవం మాత్రం జడత్వం వల్ల వెనుకబడుతుంది. ఆ తేడా వల్ల జెల్లీ వంటి ఒక పొర వంగి, రోమకణాలు నాడీ సంకేతాలను పంపుతాయి. పేటికలోని యుట్రిక్యులస్, శాక్యులస్ భాగాలలో కాల్షియం కార్బోనేట్ సూక్ష్మ రేణువులు ఉంటాయి. తల వంపును, సరళరేఖలో సాగే వేగపు మార్పును ఇవి తెలియజేస్తాయి.

ఈ సంకేతాలు కంటి కండరాలకు కూడా చేరతాయి. తల కుడికి తిరిగితే కళ్లు అంతే వేగంతో ఎడమకు కదిలి, చూపును నిలకడగా ఉంచుతాయి. చెవి నుండి తప్పుడు సంకేతం వస్తే, తల కదలకపోయినా కళ్లు మెల్లగా ఒకవైపు జరిగి, చటుక్కున వెనక్కు వస్తూ ఉంటాయి. అందువల్ల ‘కళ్లు తిరగడం’ ఈ సందర్భంలో అక్షరాలా నిజం.

3. ప్రదక్షిణ - ఆత్మప్రదక్షిణ:
మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో భక్తులు 11 ప్రదక్షిణలు చేసి కోరిక విన్నవించుకుంటారు. అది నెరవేరాక 108 ప్రదక్షిణలు చేస్తారు. ఒక ప్రదక్షిణకు ఒక నిమిషం పడుతుందనుకుంటే, దేహం సగటున సెకనుకు 6 డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది. ఇంత నెమ్మదైన భ్రమణం కుల్యలను పెద్దగా కలత పెట్టదు. అదే, నిలుచున్నచోటనే రెండు సెకన్లకొక చుట్టు చొప్పున ఆత్మప్రదక్షిణ చేస్తే వేగం సెకనుకు 180 డిగ్రీలు. తిరుగుతూ ఉండగా ద్రవం క్రమంగా గోడల వేగాన్ని అందుకుంటుంది. హఠాత్తుగా ఆగితే గోడలు నిలిచిపోయినా ద్రవం ముందుకు సాగుతుంది. అందుకే ఎదురు దిశలో తిరుగుతున్నట్లు కొద్దిసేపు తోస్తుంది.

మరి 108 ప్రదక్షిణల చివర కొందరికి కళ్లు తిరగడానికి కారణం ఏమిటి? ఉపవాసం, ఎండ, నీరు తాగకపోవడం వల్ల రక్తపోటు పడిపోవడం అక్కడ ప్రధాన కారణం కావచ్చు. అది సొమ్మసిల్లే స్థితి, చెవి దోషం కాదు. ఒకే ప్రాంగణంలో ఒకే మాటతో చెప్పుకునే రెండు అనుభవాలకు మూలాలు వేరు.

4. బస్సు ప్రయాణం:
మర్రిచెట్ల నడుమ సాగే మొయినాబాద్-చేవెళ్ల రహదారిలో బస్సులో కూర్చుని ఫోను చూసేవారికి వికారం కలగడం మరొక ఉదాహరణ. చెవి కదలికను తెలుపుతుంటే, కన్ను నిశ్చలమైన తెరను చూపుతుంది. ఈ వైరుధ్యమే వికారానికి మూలం. దూరంగా రోడ్డును చూస్తే అది తగ్గుతుంది.

5. రేణువులు స్థానం తప్పినప్పుడు:
వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీ చెవిలో చల్లని, వెచ్చని నీరు పోసినప్పుడు కళ్లు పరస్పర వ్యతిరేక దిశలలో కదలడాన్ని పరిశీలించి, దాని మూలం కుల్యలలోని ద్రవ చలనమని వివరించాడు. ఈ రంగంలోని కృషికి ఆయనకు 1914 నోబెల్ బహుమతి లభించింది.

పేటికలోని రేణువులు ఊడి కుల్యలో చేరితే, పక్కమీద దొర్లినప్పుడు, కూరగాయల మడిలో వంగి లేచినప్పుడు, పైకి చూసినప్పుడు లోకం గిర్రున తిరుగుతుంది. ప్రతిసారీ ఇది సాధారణంగా ఒక నిమిషంలోపే తగ్గుతుంది. దీనిని గుర్తించే పడక పరీక్షను డిక్స్, హాల్‌పైక్ 1952లో వివరించారు. తలను వరుస భంగిమలలో తిప్పి రేణువులను తిరిగి పేటికలోకి చేర్చే పద్ధతిని అమెరికన్ వైద్యుడు జాన్ ఎప్లే రూపొందించి, 1992లో వివరంగా ప్రచురించాడు. దీనికి మంచం, శిక్షణ పొందిన చేతులు చాలు. ‘బలహీనత’ అనో ‘బీపీ’ అనో భావించి మాత్రలు మింగినంత మాత్రాన రేణువులు స్థానానికి చేరవు. వృద్ధులలో ఈ జాప్యం కిందపడి ఎముకలు విరగడానికి దారితీయవచ్చు.

వైద్యవిద్యాలయాలు ఈ ప్రాంతానికి దూరంగా లేవు. మొయినాబాద్ మండలం ఎన్కేపల్లిలో భాస్కర్ వైద్య కళాశాల, చేవెళ్లలో డా. పట్నం మహేందర్ రెడ్డి వైద్య కళాశాల ఉన్నాయి. రోగి తన అనుభవాన్ని స్పష్టంగా చెప్పగలగడమే రోగనిర్ణయంలో తొలి మెట్టు.

6. ఉపసంహారం:
• లోకం తిరగడం, స్పృహ తప్పబోవడం, నడక తూలడం వేర్వేరు స్థితులు. ‘ఏది తిరుగుతోంది? ఎప్పుడు? ఎంతసేపు?’ అనే ప్రశ్నలు వాటిని విడదీస్తాయి.
• తల కదిపినప్పుడు క్షణకాలం కలిగే భ్రమణానికి రేణువుల స్థానభ్రంశం ముఖ్యకారణం. వైద్యుడు ఏ చెవిదో నిర్ధారించాకే తలను తిప్పే చికిత్స చేయించుకోవాలి.
• హఠాత్తుగా తల తిరగడంతోపాటు మూతి వంకరపోవడం, మాట తడబడటం, కాలు చేయి పట్టు తప్పడం, వస్తువు రెండుగా కనిపించడం, నిలబడలేకపోవడం వంటివి ఉంటే పక్షవాతంగా అనుమానించి వెంటనే ఆసుపత్రికి చేరాలి.
• వైద్య పరిభాషను తెలుగులో నిర్మించేటప్పుడు ప్రజల మాటను తోసిపుచ్చనవసరం లేదు. ‘కండ్లు తిరుగుడు’ అన్న పలుకుబడిలో శాస్త్రం నిరూపించిన సత్యమే ఉంది. ఆ ఒక్క మాట కింద ఒదిగిన భేదాలను విడమరచి చెప్పడమే మిగిలిన పని.