కొల్లేటి గట్టు మీద ట్రక్కు చక్రాలు

దాళ్వా కోతల్లో భీమడోలు, పూళ్ల, గుండుగొలను దగ్గర హైవే మీద నిలబడితే ట్రాక్టర్లు లాగే ధాన్యం ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. వాటి మధ్యలోనే చేపల చెరువులకు తవుడు, చెక్క మోసేవి. ట్రాక్టరుకు వేళకు ఆయిలు మార్పించే వాళ్లు కూడా వెనక ట్రక్కు చక్రాన్ని మాత్రం కీచుమనేదాకా విప్పరు. టన్నులకొద్దీ బరువు మోసేది అదే కాబట్టి దాని సంగతులు కొన్ని చెప్పుకుందాం.

◆ ట్రక్కు హబ్బులో ఉండే టేపర్ రోలర్ బేరింగుకు పేటెంటు తీసుకున్నది గుర్రబ్బళ్లు తయారుచేసే మనిషి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో బళ్ల వ్యాపారం చేసిన హెన్రీ టిమ్కెన్‌కు 1898లో అది దక్కింది. బరువుతో ఉన్న బండి మలుపు తిరిగితే చక్రం మీద పక్కనుంచి కూడా తోపుడు పడుతుంది. టిమ్కెన్ బేరింగులో రోలర్లు ఒక చివర సన్నగా ఉండి ఏటవాలుగా కూర్చుంటాయి. అందుకే పైబరువునూ, పక్క తోపుడునూ రెండింటినీ మోస్తాయి. హబ్బుకు ఇవి రెండు: లోపల ఒకటి, బయట ఒకటి, ఎదురెదురుగా.

◆ వేడెక్కిన హబ్బు నీళ్లు తాగుతుంది. కొల్లేటి చుట్టుపక్కల ట్రక్కున్న ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. ఏలూరు నుంచి బరువుతో వచ్చిన ట్రక్కు హబ్బు వేడిగా ఉంటుంది, లోపలి గాలి కూడా వ్యాకోచించి ఉంటుంది. ఆ వేడి మీదే బండిని నీళ్లలోకి దింపితే హబ్బు ఒక్కసారిగా చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆయిల్ సీలు అంచు పక్కనుంచి బయటి నీటిని లాక్కుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి లంక గ్రామాల దారులు మునిగినప్పుడు ఆ నీళ్లలో తిరిగిన ప్రతి ట్రక్కుకూ ఈ ముప్పు ఉన్నదే. ఉప్పుటేరు వైపు ఉప్పదనం ఉన్న నీళ్లయితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. నీళ్లలో దిగేముందు బండిని కాసేపు ఆపి హబ్బు చల్లారనివ్వాలి. మునిగిన హబ్బును వీలైనంత త్వరగా విప్పి కడిగించాలి.

◆ విప్పినప్పుడు గ్రీజే రోగం చెబుతుంది. మూత తీసి కాస్త వేలికి రాసుకుని చూడండి. పాలు కలిసినట్టు తెల్లబడిందా, నీరు చేరింది. ఎండలో సన్నటి మెరుపులు కనిపిస్తే బేరింగు ఇనుము అరిగి పొడి రాలుతోంది. రోలర్ల మీద నీలిరంగు తేలితే అది విపరీతంగా కాలింది, మార్చక తప్పదు. కొత్త గ్రీజును రోలర్ల సందుల్లోకి అరచేత్తో నొక్కి ఎక్కించాలి. హబ్బంతా కూరేస్తే మేలనుకోవడం పొరపాటు: ఎక్కువైన గ్రీజు తిరుగుడుకు చిలికినట్టయి తానే వేడి పుట్టిస్తుంది.

◆ జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడలాడుతోందా? హబ్బు నట్టు వదులైంది. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, బరువుగా తిరగడం మొదలుకాగానే కొంచెం వెనక్కి వదిలి పిన్ను వేయాలి. పాత పిన్నునే వంచి మళ్లీ వాడొద్దు, కొత్తది కొన్ని రూపాయలే.

◆ టైరు మీద 9.00-16 అని ఉంటే వెడల్పు సుమారు 9 అంగుళాలు, రిమ్ము 16 అంగుళాలు అని. మధ్యలో అడ్డగీత ఉంటే సాదా నైలాన్ టైరు, ఆర్ అక్షరం ఉంటే రేడియల్. 16 పీఆర్ అని ఉన్నంత మాత్రాన లోపల 16 పొరలుండవు. నూలు పొరల కాలంనాటి లెక్క అది, ఇప్పుడు టైరు బలానికి కొలత మాత్రమే. సెకండ్ హ్యాండు టైరు కొనేటప్పుడు పక్కగోడ మీది నాలుగంకెల ముద్ర వెతకండి. 1821 అంటే 2021లో 18వ వారంలో తయారైంది. పైన గాడులు లోతుగా ఉన్నా పక్కగోడల్లో పగుళ్లుంటే నేనైతే కొననివ్వను.

◆ బరువు మోసేది రబ్బరు కంటే లోపలి గాలే. గాలి తక్కువైన ట్రక్కు టైరు పక్కగోడ కిలోమీటరుకు 350 సార్లకు పైగా నలిగి వేడెక్కుతుంది. పంచరైనా ముందు ట్రాక్టరు మీద కూర్చున్న డ్రైవరుకు వెంటనే తెలియదు. నేల మీద పడే ఒత్తిడి మాత్రం దాదాపు టైరులోని గాలి ఒత్తిడంతే ఉంటుంది. అందుకే హైవేకు సరిపోయేంత గాలి నింపిన టైరు చెరువు గట్టు మీది మెత్తటి నల్లమట్టిలో దిగబడుతుంది. గట్టు దారికి గాలి తీయడం కంటే బరువు తగ్గించుకుని రెండు విడతలుగా తోలడమే మంచిది.

◆ ట్రాక్టరు వెనక టైర్లలో ముప్పాతిక వంతు దాకా నీళ్లు నింపడం పట్టుకోసం. ట్రక్కు టైర్లకు ఆ పని చేయకూడదు. అవి లాగవు, మోస్తాయంతే. అందుకే వాటికి లోతైన గుబ్బలు కాక నిలువు గాడులుంటాయి.

◆ లాక్ రింగు ఉన్న రిమ్ములతో ప్రాణాపాయం ఉంది. రింగు సరిగా కూర్చోకపోతే గాలి కొడుతుండగా ఎగిరి మనిషిని చంపగలదు. ఇనుప పంజరంలో పెట్టి, పొడుగు పైపుతో, పక్కకు తప్పుకుని గాలి కొట్టే షాపుకే వెళ్లండి.

◆ గాలి టైరును 1887-88లో కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం తయారుచేసిన జాన్ బాయిడ్ డన్‌లప్ పశువైద్యుడు. మన దేశంలో ఎడ్లబళ్లకు గాలి టైర్లు, బేరింగులు పెట్టి ఎద్దుల మెడ మీద భారం తగ్గించాలని ఏళ్ల తరబడి పోరాడినవారు బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి.

◆ చక్రం మార్చాక నట్లను ఎదురెదురుగా బిగించాలి, ఏటవాలు ముఖం రిమ్ము వైపు ఉండాలి. బరువుతో కొంత దూరం నడిచాక మరోసారి బిగించాలి. కోతలయ్యాక ట్రక్కును ఊరికే నిలబెట్టేటప్పుడు ఇరుసు కింద దిమ్మలు పెట్టి, టైర్లు ఎండ తగలకుండా గోనెలు కప్పండి. సార్వా ధాన్యం ఎత్తే ముందు గాలి చూపించుకుంటే చాలు.