కాయిల్ చుట్టే ముందు బ్యాటరీ లెక్క

పాత కరెంటు స్టవ్వు వాడిన ఇళ్లవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. పలక గాడిలో స్ప్రింగులా పరచిన తీగ ఎక్కడో ఒకచోట తెగేది. కొత్త కాయిల్ తెచ్చేదాకా ఆగలేక, తెగిన కొసలు రెండూ కలిపి మెలిపెట్టి మళ్లీ స్విచ్చి వేసేవాళ్లు. ఆ పూట స్టవ్వు మునుపటికంటే ఎర్రగా కాలేది. కొన్నాళ్లకే, సరిగ్గా ఆ మెలి దగ్గరే, మళ్లీ తెగేది. తీగ పొడవు తగ్గితే నిరోధం తగ్గుతుంది, నిరోధం తగ్గితే కరెంటు ఎక్కువ పారుతుంది, అందుకే ఆ ఎరుపు. మెలిపెట్టిన చోట కొసలు రెండూ సరిగా అంటుకోవు, వేడంతా అక్కడే పోగుపడుతుంది, అందుకే తెగడం. ఈ-సిగరెట్‌కు సొంతంగా కాయిల్ చుట్టుకునేవాళ్లకు కావలసిన విద్యుత్ పాఠం దాదాపు ఇంతే. మిగిలింది కాస్త చేతిపని, చాలా బ్యాటరీ లెక్క.

ఇది ప్రధానంగా బ్రిటన్, యూరప్, అమెరికాల వ్యాపకం. సిగరెట్ మానడానికి ఈ-సిగరెట్ పట్టిన పెద్దవాళ్లలో కొందరు, రెడీమేడ్ కాయిళ్ల ఖర్చు భరించలేకో, చేత్తో చేసుకునే సరదా కొద్దీనో ఇందులోకి దిగారు. మన దేశంలో సంగతి వేరు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, ఆ డిసెంబరులో చట్టమైన నిషేధం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నింటినీ ఆపేసింది. ఆ చట్టం ప్రకారం తయారీ అంటే పూర్తి పరికరమే కానక్కర్లేదు. ఏ భాగాన్ని చేసినా, జోడించినా తయారీయే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని కాయిల్ చుట్టి బిగించడం సరదా వ్యవహారం కాదు. కింద చెప్పే పద్ధతి చట్టం ఒప్పుకునే చోట ఉంటున్న, ఇప్పటికే ఈ అలవాటున్న పెద్దవాళ్ల కోసం. మిగతావాళ్లు ఆ డబ్బీ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి చదవొచ్చు.

లోపల పెద్ద రహస్యమేమీ లేదు. బ్యాటరీ, దాని కరెంటుతో వేడెక్కే కాయిల్, కాయిల్ మధ్యలోంచి దూర్చిన దూది, దూది పీల్చుకునే ద్రవం. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన ద్రవ్యాలు, ఎక్కువసార్లు నికోటిన్. బయటికి వచ్చేది పొగ కాదు, ఆవిరి చల్లారి ఏర్పడిన సన్నని తుంపర. చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో రూపొందించిన తొలి నమూనా ద్రవాన్ని అల్ట్రాసౌండ్‌తో తుంపరగా మార్చేది. తర్వాత వచ్చినవాళ్లు వేడి తీగతో ఆ పని చవగ్గా చేసేశారు. కొనే పరికరాల్లో కాయిల్, దూది కలిపి ఒక చిన్న గొట్టంలో బిగించి ఉంటాయి. మాడు వాసన వస్తే గొట్టం పారేసి కొత్తది వేసుకుంటారు. చేత్తో చుట్టుకునేవాళ్లు వాడే అటామైజర్‌లో, అంటే కాయిల్ కూర్చునే భాగంలో, ఆ గొట్టం ఉండదు. ఒక చిన్న లోహపు వేదిక, దాని మీద రెండు స్తంభాలు, వాటికి స్క్రూలు. తీగ కొసలు రెండూ ఆ స్తంభాలకు బిగించుకోవాలి.

తీగల్లో కొత్తవాళ్లకు సరైనది కాంథాల్. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రలోహం, స్వీడన్‌లో పుట్టింది, పారిశ్రామిక కొలిముల్లో వాడేది. వేడెక్కినా నిరోధం పెద్దగా మారదు, చుట్టితే చుట్టినట్టు నిలబడుతుంది. రెండోది నైక్రోమ్, హీటర్లలో మనం ఎరిగిన తీగే. త్వరగా వేడెక్కుతుంది, కానీ అందులో నికెల్ పాలు చాలా ఎక్కువ. నికెల్ పడని చర్మం ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది. స్టెయిన్‌లెస్ స్టీల్, శుద్ధ నికెల్, టైటానియం తీగలు కూడా దొరుకుతాయి. వీటి నిరోధం వేడితోపాటు పెరుగుతుంది, ఆ పెరుగుదలను కొలిచి ఉష్ణోగ్రత అదుపు చేసే పరికరాల్లో వీటిని వాడతారు. నికెల్, టైటానియం తీగల్ని ఎర్రగా కాల్చి చూడకూడదు. కాంథాల్‌తో చెయ్యి తిరిగేదాకా వీటన్నిటినీ పక్కన పెట్టండి. గిటారు తీగలా ఒకదాని మీద ఇంకోటి చుట్టిన క్లాప్టన్ రకాలు, జడలల్లినవి ఫొటోలో అందంగా ఉంటాయి, మొదటి నెలలో అనవసరం.

తీగ లావును గేజ్ నంబరుతో చెబుతారు. నంబరు పెరిగితే తీగ సన్నబడుతుంది. 24 గేజ్ అర మిల్లీమీటరు, 26 గేజ్ 0.4 మిల్లీమీటర్లు, 28 గేజ్ 0.32 మిల్లీమీటర్లు. 26 గేజ్ కాంథాల్ మీటరుకు సుమారు 11 ఓమ్‌ల నిరోధం చూపిస్తుంది. ఇప్పుడు 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద 7 చుట్లు చుట్టామనుకుందాం. తీగ లావు కలుపుకుంటే ఒక్కో చుట్టుకు దాదాపు 10.7 మిల్లీమీటర్లు, ఏడు చుట్లకు 75. స్తంభాల దాకా పోయే కాళ్లకు ఇంకో 10. మొత్తం 85 మిల్లీమీటర్లు, అంటే 0.95 ఓమ్‌లు. అదే కొలతతో నైక్రోమ్ చుడితే 0.7 దగ్గర తేలుతుంది, స్టీల్ అయితే సగానికి వస్తుంది. అలాంటి కాయిళ్లు రెండు పక్కపక్కన పెడితే విలువ సగమవుతుంది, రెట్టింపు కాదు. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో సమాంతర సంధానం మార్కుల కోసం చదివి వదిలేసినవాళ్లకు ఇక్కడ దాని అసలు ఉపయోగం తెలుస్తుంది. ఖర్చు సంగతీ ఈ లెక్కలోనే ఉంది. 10 మీటర్ల తీగ చుట్టతో నూరుకు పైగా కాయిళ్లు వస్తాయి.

చుట్టడం మొదలుపెట్టేముందు తీగను గుడ్డతో తుడిచి, సాగదీసి నిటారు చేయాలి. 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ వెనకవైపు నున్నటి భాగం మీద బొటనవేలితో తీగ కొసను నొక్కి పట్టి, రెండో కొసను బిగువు సడలకుండా తిప్పుతూ పోతే చుట్లు ఒకదాన్ని ఒకటి ఆనుకుని వస్తాయి. చివరికి కాళ్లు రెండూ ఒకే వైపుకు ఉండాలి. కడ్డీ తీయకుండానే కాళ్లను స్తంభాల రంధ్రాల్లో దూర్చి, స్క్రూలు బిగించి, ఆ తర్వాతే కడ్డీ లాగేయాలి. ముందే తీస్తే బిగించేటప్పుడు కాయిల్ వంకరపోతుంది. స్క్రూ మరీ గట్టిగా తిప్పితే సన్నతీగ తెగుతుంది, వదులుగా ఉంటే నిరోధం గంతులేస్తుంది. స్తంభాల అవతల మిగిలిన కొసల్ని వాటికి సమంగా కత్తిరించాలి. పైన మూత పెట్టాక అర మిల్లీమీటరు కొస దాని గోడకు తగిలినా షార్ట్ సర్క్యూటే.

బిగించగానే బటన్ నొక్కకూడదు. ముందు నిరోధం కొలవాలి. మామూలు మల్టీమీటరు ఇంత చిన్న విలువల దగ్గర నమ్మదగ్గది కాదు, దాని వైర్ల నిరోధమే లెక్క తప్పిస్తుంది. ఇందుకోసమే అమ్మే ఓమ్ మీటరు ఉంటుంది, పరికరం తెర మీదా చూడొచ్చు. 0.95 రావలసిన చోట 0.3 చూపిస్తే కాలు ఎక్కడో తగులుతోందని అర్థం. విలువ మాటిమాటికీ మారిపోతుంటే స్క్రూ వదులు. విలువ సరిగా ఉందని తేలాక తక్కువ వాట్లలో, దూది పెట్టకుండా, క్షణం పాటు బటన్ నొక్కి వదలాలి. కాయిల్ మధ్య చుట్టు ముందు ఎరుపెక్కి, ఎరుపు రెండు వైపులా సమంగా పాకాలి. అలా కాకుండా ఒక పక్క చుట్టో కాలో ముందే మండుతుంటే అక్కడ వేడి పోగుపడుతున్నట్టు. బటన్ వదిలేశాక పింగాణీ కొనల పట్టకారుతో చుట్లను మెల్లగా దగ్గరికి నొక్కి, మళ్లీ చూడాలి. రెండు మూడు దఫాల్లో సర్దుకుంటుంది. లోహపు పట్టకారు పెట్టి బటన్ నొక్కితే మళ్లీ షార్టే.

చాలామంది తీగ చుట్టడం కష్టమనుకుంటారు గానీ నిజానికి ఇబ్బంది పెట్టేది దూది. రంగు, వాసన కలపని శుభ్రమైన దూదిని పీచుగా లాగి, కొస మెలిపెట్టి, చల్లారిన కాయిల్ గుండా దూర్చాలి. లాగుతున్నప్పుడు కాస్త ఒరుసుకోవాలి, కాయిల్ మాత్రం కదలకూడదు. ఎక్కువ కుక్కితే ద్రవం లోపలికి పాకదు, ఎండిన దూది మాడుతుంది, గొంతులో మిరపకాయ పొగలా తగులుతుంది. తక్కువైతే ద్రవం కారుతుంది. ద్రవం ఉన్నంతసేపు దాని మరుగే కాయిల్ వేడిని అదుపులో ఉంచుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతాయి. ద్రవం అయిపోతే ఆ కళ్లెం పోతుంది. అప్పుడు వచ్చే ఆవిరిలో ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విషపదార్థాలు ఎక్కువవుతాయి. మాడు రుచి తగిలితే ఇంకో రెండు పీల్పులు చూద్దామనుకోకండి, దూది తీసేయండి.

ఇక అసలు సంగతి. ఈ పరికరాల్లో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం అయాన్ సెల్లు. పేరులోనే కొలత ఉంది, 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. నిండా ఎక్కితే 4.2 వోల్టులు. ప్రతి సెల్లుకూ ఆగకుండా ఎంత కరెంటు ఇవ్వగలదో ఒక హద్దు ఉంటుంది, ఈ పనికి ఎంచుకునే మంచి సెల్లుల్లో చాలావాటికి అది 20 ఆంపియర్ల ప్రాంతం. వోల్టుల్ని ఓమ్‌లతో భాగిస్తే కరెంటు. మన 0.95 కాయిల్ నిండు బ్యాటరీ మీద లాగేది 4.4 ఆంపియర్లు, నిశ్చింతగా ఉండొచ్చు. 0.2 ఓమ్‌ల కాయిల్ 21 ఆంపియర్లు లాగుతుంది, హద్దు దాటినట్టే. 0.1 అయితే 42. మేఘాల్లాంటి ఆవిరి కోసం అంకెలు తగ్గించుకుంటూ పోయేవాళ్లు ఆడుకునేది ఈ అంచు మీదే.

ఈ భాగాహారం నేరుగా వర్తించేది మెకానికల్ మాడ్ అనే పరికరానికి. అందులో సర్క్యూట్ ఉండదు. లోహపు గొట్టం, బటన్, సెల్లు, కాయిల్, అంతే. ఏం తప్పు జరిగినా ఆపే దిక్కు లేదు. 2018 మేలో ఫ్లోరిడాలో ఒకరు, 2019 జనవరిలో టెక్సస్‌లో 24 ఏళ్ల యువకుడొకరు పరికరం పేలి ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొత్తవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. దీనికి మినహాయింపు లేదు, ఎంత అనుభవజ్ఞుడైన మిత్రుడు పక్కన కూర్చున్నా సరే.

సర్క్యూట్ ఉన్న రెగ్యులేటెడ్ మాడ్ షార్ట్‌ను గుర్తుపట్టి కరెంటు ఆపేస్తుంది. అయినా ఇందులో చాలామందికి తట్టని మెలిక ఒకటుంది. ఇక్కడ సెల్లు మీద పడే భారం కాయిల్ ఓమ్‌లను బట్టి కాదు, మీరు పెట్టిన వాట్లను బట్టి. పైగా బ్యాటరీ దిగిపోతున్నకొద్దీ అదే వాట్లకు ఎక్కువ కరెంటు లాగాలి. ఒక్క సెల్లు పరికరంలో 60 వాట్లు పెట్టి, సెల్లు 3.2 వోల్టులకు దిగినప్పుడు నొక్కితే 19 ఆంపియర్లకు దగ్గరగా పోతుంది, సర్క్యూట్‌లో వృథా అయ్యేది కలిపితే 20 దాటుతుంది. మన కాయిల్‌కు 15 వాట్లు చాలు.

సెల్లు పైన ప్లాస్టిక్ తొడుగు ఎక్కడైనా చిరిగితే వాడకండి, తొడుగు కింద పక్కలన్నీ నెగటివ్ కొసే. విడి సెల్లును తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేసుకోకండి, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టండి. ఈ సెల్లులు పెద్ద బ్యాటరీ ప్యాకుల్లో రక్షణ సర్క్యూట్‌తో కలిపి వాడటానికి చేసినవనీ, విడిగా కొని వాడొద్దనీ అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2021లోనే హెచ్చరించింది. అందుకే నన్నడిగితే బ్యాటరీ లోపలే ఉన్న, పేరున్న రెగ్యులేటెడ్ పరికరంతోనే నేర్చుకోమంటాను.

కాయిల్ ఎంత బాగా చుట్టినా పీల్చేది గాలి కాదు. వాడుకలో ఉన్న పరికరాల తుంపరలో సీసం, నికెల్, క్రోమియం ఉన్నాయని 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపించారు, వాటి మూలం వేడి కాయిలే. బ్రిటన్ ఆరోగ్య సేవల సంస్థ సిగరెట్ కంటే హాని తక్కువంటూ, మానాలనుకునే పొగతాగేవారికి ఈ-సిగరెట్‌ను సూచిస్తుంది. పొగతాగనివాళ్లూ పిల్లలూ దీని జోలికి రావద్దని కూడా అదే సంస్థ చెబుతుంది. నూనెలు మాత్రం ఏ కాయిల్ మీదా వేయకూడదు. 2019-20లో అమెరికాలో విటమిన్-ఇ అసిటేట్ అనే నూనె కలిసిన గంజాయి ద్రవాలతో ముడిపడిన ఊపిరితిత్తుల జబ్బుకు 68 మంది బలయ్యారు.

విదేశాల్లో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఈ అలవాటు చేసుకున్నవాళ్లకు ఒక మాట. పండక్కి ఇంటికి వచ్చేటప్పుడు ఆ పరికరం, తీగ చుట్ట, కాయిళ్లు అక్కడే వదిలి రండి. మన చట్టంలో దిగుమతి నిషేధం పూర్తి పరికరానికే కాదు, దాని ఏ భాగానికైనా వర్తిస్తుంది.