తుడిచివేసిన మాట

గోలేటిలో మొదటి షిఫ్టుకు పోవు బొగ్గుబాయి కార్మికుడొకడు, ముందటి రాత్రి సెల్‌ఫోనులో చదివిన "సింగరేణిని ప్రైవేటుకు అమ్మేస్తున్నరు" అను పోస్టును తోటివారికి చూపబోయి, అది మాయమై యుండుటయో, దానిపై "అసత్య సమాచారము" అను ముద్ర పడియుండుటయో కనుగొనెననుకొందము. అప్పుడాతనికి తోచునది "ఇది అబద్ధమన్నమాట" యని కాదు; "నిజము గనుకనే తీసివేసినారు" అని. ఆ అనుమానమును అజ్ఞానమని కొట్టివేయరాదు.

ఏలయన, ఆ పోస్టులో నిజము పాలు కొంత కలదు. సింగరేణి బొగ్గు కంపెనీలో తెలంగాణ రాష్ట్రమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటా యుండుటచే కేంద్రమొక్కటే దానిని ప్రైవేటుపరము చేయజాలదని 2022 నవంబరు 12న రామగుండమున ప్రధాని నరేంద్ర మోదీ పలికిన మాట లెక్కకు సరియైనదే. కాని కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణిఖని బొగ్గు బ్లాకులను కేంద్రము వేలమునకు పెట్టుటయు, దానికి నిరసనగా 2021 డిసెంబరు 9 మొదలు మూడు దినములు కార్మికులు సమ్మె చేయుటయు అంతే నిజము. కంపెనీ అమ్ముడుపోవుట వేరు, కంపెనీ ఆశపెట్టుకొన్న బొగ్గు పరుల పాలగుట వేరు. ఈ రెంటి నడిమి భేదమును ఎచ్చటనో కూర్చున్న పరిశీలకుడు గాని, యంత్రము గాని ఒక్క ముద్రతో తెలుపజాలదు. ముద్ర పడినంతనే వేలము సంగతియు అబద్ధముల మూటలో కలిసిపోవును.

2020లో పెన్నీకుక్, రాండ్ మొదలగు పరిశోధకులు ప్రకటించిన చిక్కు మరియొకటి కలదు. కొన్ని అబద్ధములకు హెచ్చరిక తగిలించినచో వాటిపై నమ్మకము తగ్గినది గాని, హెచ్చరిక లేని తక్కిన అబద్ధములు పరీక్షకు నిలిచినవే కాబోలునని చదువరులు వాటిని మరికొంత నమ్మిరి. 2020 ఎన్నికల వేళ డొనాల్డ్ ట్రంప్ ట్విట్టరు సందేశములను పరిశీలించిన న్యూయార్కు విశ్వవిద్యాలయమువారికి, అచ్చట అడ్డగింపబడినవే ఇతర వేదికలపై ఎక్కువగా వ్యాపించినట్లు కనబడెను. అడ్డగింపే దానికి హేతువని వారు తీర్మానింపలేదు. ఆ జాగ్రత్త మనకును అవసరము.

అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండుమని నా భావము కాదు. పిల్లలనెత్తుకొనిపోవువారు వచ్చినారను వదంతి 2018లో ప్రాణములు తీయుచుండగా, వాట్సాప్ మనదేశమున ఫార్వర్డులను అయిదింటికి పరిమితము చేసెను. గద్వాల, వనపర్తి పల్లెలలోనైతే పోలీసు అధికారి రెమా రాజేశ్వరి పల్లెకొక పోలీసును నియమించి, డప్పుతో, పాటతో, ఎదుట కూర్చుండి ఒప్పించు మాటతో ఆ వదంతిని నిలువరించిరి. ఆ పద్ధతిలో తుడిచివేయుట లేదు. అడిగినవానికి జవాబు కలదు.

సింగరేణి కార్మికులకు ఈ పద్ధతి కొత్తది కాదు. బాయి గేటుకడ జరుగు గేట్ మీటింగులో నాయకుడు వాటాల లెక్క చెప్పి ముగించుటకు వీలులేదు, టోపీదీపము చంకనుంచుకొన్న ఎవడో వెనుకనుండి "మరి ఆ నాలుగు బ్లాకుల ముచ్చటేంది?" అని అడుగును, షిఫ్టు వేళ అగుచున్నను ఆయన జవాబు చెప్పితీరవలెను.